తమంత తామే చదివే తరగతి: కోనసీమ బడుల్లో ఒకటి, రెండు తరగతుల టీచర్లకు

జూన్ 12న బడి తెరిచిన వారానికే చాలా తరగతుల్లో పుస్తకాల మూల సిద్ధమైపోతుంది. గోడ పొడవునా కాతా తాడు, దానికి క్లిప్పులు, క్లిప్పులకు రంగురంగుల పుస్తకాలు. తనిఖీకి వచ్చినవారు ఫోటో తీసుకుని వెళ్తారు. ఆగస్టు వచ్చేసరికి వాటిని ముట్టుకునేవాళ్లుండరు. ఆరేళ్ల పిల్లకి చెప్పులు వరుసలో విడవడం నేర్పుతాం, అన్నం తిన్నాక కంచం కడగడం నేర్పుతాం. పది నిమిషాలు పుస్తకంతో ఒక్కతే కూర్చోవడం మాత్రం దానంతట అదే వచ్చేస్తుందనుకుంటాం. అది రాదు. దాన్నీ చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పాల్సిందే.

కింద చెప్పిన లెక్కలు 20 మంది ఉన్న తరగతికి. ఒకే టీచరు ఒకటి, రెండు తరగతులు కలిపి చూసుకునే బడికీ ఇవే సరిపోతాయి.

పుస్తకాలు ఎన్ని, ఎక్కడివి

తలకు అయిదు చొప్పున 100 పుస్తకాలు చేర్చండి. అన్నీ ఒకేసారి బయట పెట్టకండి. 40 మాత్రం పిల్లల చేతికందేచోట ఉంచి మిగతావి బీరువాలో దాచండి. రెండు వారాలకోసారి ఓ పది మార్చండి. వంద ఒక్కసారి కనిపిస్తే పిల్లలు తీయడం, తిప్పడం, పడేయడంతోనే సరిపుచ్చుతారు.

సమగ్ర శిక్ష (బడి చదువుకు ప్రభుత్వ పథకం) కింద ప్రాథమిక పాఠశాలకు వచ్చే గ్రంథాలయ గ్రాంటు 5,000 రూపాయలు. దాన్ని లావుపాటి నీతికథల సంపుటాలకు ఖర్చు పెట్టేస్తే ఒకటో తరగతికి మిగిలేదేమీ ఉండదు. 16 నుంచి 24 పేజీల పలచని బొమ్మల పుస్తకాలు అడిగి తెప్పించుకోండి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, ‘మంచి పుస్తకం’ అనే సంస్థల ప్రచురణల్లో అలాంటివి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితం, అచ్చు వేసుకోవడానికీ అనుమతి ఉంది. నాలుగు ఎ4 కాగితాలు రెండువైపులా అచ్చు వేసి మధ్యకు మడిస్తే 16 పేజీల పుస్తకం. స్టాప్లర్ కొట్టకండి. మన గాలిలోని చెమ్మకు పిన్ను రెండు వర్షాకాలాల్లో తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. దబ్బనంతో మడత మీద మూడు కన్నాలు పొడిచి నూలు దారంతో కుట్టండి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే లైబ్రేరియన్ గారితో మాట్లాడి నెలకో కట్ట తెచ్చుకునే ఏర్పాటు చేసుకోవచ్చు.

పుస్తకాలు పెట్టడానికి మిఠాయి అట్టపెట్టెలు వాడకండి. కాజా తీపి అట్టలోకి దిగి ఉంటుంది, మర్నాటికల్లా చీమల బారు. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు నయం.

ఏది తేలిక, ఏది కష్టం

స్టోరీవీవర్‌లో ఒకటో స్థాయి అంటే 250 మాటల లోపు, రెండో స్థాయి 600 దాకా. తెలుగులో మాటల లెక్క ఒక్కటీ చూస్తే మోసపోతాం. ‘అమ్మమ్మ’లో రెండు ఒత్తులున్నా పిల్ల ఇట్టే చదివేస్తుంది. ‘ఋషి’లో ఒక్క ఒత్తూ లేదు, అయినా అక్కడే ఆగిపోతుంది. ‘వెళ్లిపోయాడనుకున్నారు’ లెక్కకు ఒక్క మాటే, కానీ పిల్ల దాని చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. అందుకని ప్రతి పుస్తకం మీరే ఒకసారి చదివి మూడు రకాలుగా విడదీయండి.

- తెల్ల చుక్క: అన్నీ బొమ్మలే, లేదా పేజీకి ఒకటి రెండు మాటలు.
- పసుపు చుక్క: పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు. గుణింతాలు, అక్క, పిల్లి, నాన్న లాంటి తెలిసిన ద్విత్వాలు.
- నీలం చుక్క: పేజీకి నాలుగైదు వాక్యాలు, సంయుక్తాక్షరాలు, పొడుగు మాటలు.

చుక్క వెనక అట్ట లోపలి వైపు పెట్టండి, ముందు అట్ట మీద వద్దు. ముందు పెడితే వారంలోగా ‘నేను నీలం, నువ్వింకా తెలుపే’ మొదలవుతుంది. ట్రేలను కూడా చుక్కలను బట్టి కాక విషయాన్ని బట్టి పెట్టండి: జంతువులు ఒక ట్రే, నీళ్లూ చేపలూ ఒకటి, పాటలు ఒకటి, నవ్వించేవి ఒకటి. మూడు రకాల చుక్కలూ ప్రతి ట్రేలో కలిసి ఉండాలి.

పుస్తకం తనకు సరిపోతుందో లేదో పిల్లే చూసుకునే చిట్కా ఒకటి ఉంది. ఏదో ఒక పేజీ తెరిచి చదువుతూ, రాని మాటకల్లా ఒక వేలు ముడవాలి. అయిదు వేళ్లూ ముడిస్తే కష్టం అనే లెక్క పేజీకి వంద మాటలుండే పుస్తకాలది. మన పసుపు చుక్క పుస్తకంలో పేజీకి పది పన్నెండు మాటలే ఉంటాయి. అందుకని ఒక వేలైతే చదవొచ్చు, రెండైతే తోడుతో చదవాలి, మూడైతే ఇవాళ్టికి బొమ్మలు చూడాలి. మూడు వేళ్లు ముడిచిన పుస్తకాన్ని మాత్రం లాక్కోకండి. పులి బొమ్మ నచ్చి తీసుకున్న పిల్లవాడు దానితోనే కూర్చోనీ.

మొదటి వారం: చదవడానికి మూడు దారులు

అక్షరాలు రాని పిల్ల ‘నాకు చదవడం రాదు’ అని పుస్తకం పక్కన పెట్టేస్తుంది. ముందు ఆ మాట తీసేయాలి. రోజుకొక దారి చొప్పున చూపించండి. బొమ్మలు చూసి కథ చెప్పుకోవడం ఒకటి. మీరు ఇదివరకు చదివి వినిపించిన కథను పేజీలు తిప్పుతూ మళ్లీ చెప్పుకోవడం రెండు. మాటలు చదవడం మూడు. మూడూ చదవడమే అని తరగతి ముందు గట్టిగా చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. బొమ్మలు చూస్తున్న పిల్లతో ‘ఊఁ, ఇక్కడేం రాసుంది?’ అన్నారా, మొదటి దారి మూసేసినట్టే.

రెండో దారి నడవాలంటే మీరు రోజూ ఒక కథ చదివి వినిపించాలి, పది నిమిషాలు. చదవడం పూర్తవగానే ఆ పుస్తకం బీరువాలోకి వెళ్లకూడదు, అందరి కళ్ల ముందే ట్రేలోకి వెళ్లాలి. మర్నాడు దానికోసం ముగ్గురు నలుగురు పోటీ పడతారు. పుస్తకం మీద ఆశ పుట్టించడానికి ఇంతకంటే చౌక ఉపాయం లేదు.

రెండో వారం: మూడు నిమిషాలతో మొదలు

సమయం: మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్ చక్కగా కుదురుతుంది. ఎండన ఆడి వచ్చినవాళ్లు సర్దుకుంటారు. హాజరు, భోజనం ఫోటోలు, యాప్‌లలో ఎక్కించాల్సినవన్నీ అంతకు ముందే ముగించుకోండి. పిల్లలు చదువుతుంటే మీరు ఫోన్ చూస్తూ కూర్చుంటే, చదవడమనేది టీచరుకు పనున్నప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టే ఉపాయమని వాళ్లకు అర్థమైపోతుంది.

మొదటి రోజు ఇలా చేయండి. అందరినీ చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, మనంతట మనం చదువుకునేటప్పుడు ఎలా ఉండాలో వాళ్లనే అడగండి. వాళ్ల మాటల్లోంచి నాలుగు బోర్డు మీద రాయండి: ఒకేచోట కూర్చోవాలి, మొత్తం సేపు చదవాలి, మెల్లగా చదవాలి, పుస్తకాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. తర్వాత ఒకరిని పిలిచి చేసి చూపించమనండి. ఆ తర్వాత తరగతిలో అల్లరికి పేరుపడ్డవాణ్ని పిలిచి, ఎలా చేయకూడదో చేసి చూపించమనండి. వాడు పుస్తకం తల మీద పెట్టుకుంటాడు, అటూ ఇటూ నడుస్తాడు, అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. వెంటనే వాడిచేతనే సరైన పద్ధతిలో కూడా చేయించండి. ఈ చివరి భాగం వదిలేస్తే వాడి మనసులో మిగిలేది నవ్వు ఒక్కటే.

ఇక పుస్తకాలు. ట్రేల దగ్గరికి అందరినీ ఒక్కసారిగా పంపొద్దు. నలుగురు నలుగురిగా పంపండి, ఒక్కొక్కరు రెండేసి పుస్తకాలు తెచ్చుకోవాలి. ఒకటే తెచ్చుకుంటే అది అయిపోగానే లేచి తిరుగుతారు. చోటు మీరే చూపించండి: కిటికీ దగ్గర, వరండాలో, గోడకు ఆనుకుని. ఇద్దరి మధ్య మూరెడు ఖాళీ ఉండాలి. చిన్న గంట కొట్టి మొదలుపెట్టండి.

మూడు నిమిషాలు. అంతకంటే ముందే ఎవరైనా లేచినా, కబుర్లు మొదలెట్టినా గంట కొట్టి ఆపేయండి. ‘ఎవరు చెడగొట్టారు?’ అని అడగవద్దు. ‘ఇవాళ రెండు నిమిషాలు నిలిచాం. రేపు ఇంకాస్త చూద్దాం’ అని గోడ మీద గళ్ల కాగితంలో రెండు గళ్లు రంగు నింపండి, అంతే. పేరు పెట్టి తిడితే ఆ పిల్లవాడికి పుస్తకమంటేనే గిట్టకుండా పోతుంది, మిగతావాళ్లు కాపలా పోలీసులవుతారు.

మూడు నిమిషాలు రెండు రోజులు వరుసగా నిలిస్తే నాలుగు చేయండి. ఒకేసారి రెండు నిమిషాలు పెంచితే సాధారణంగా కూలిపోతుంది. ఈ లెక్కన ఒకటో తరగతి దసరా నాటికి పది పన్నెండు నిమిషాలకు, రెండో తరగతి పదిహేనుకు చేరతాయి. సంక్రాంతి తర్వాత ఒకటికి పదిహేను, రెండుకు ఇరవై చాలు.

మొదటి పది రోజులు మీ పని దూరంగా ఉండటం. ‘గుడ్’ అనొద్దు, కళ్లతో మెచ్చుకోవద్దు. మీరు చూస్తే పిల్లలు మీకోసం చదువుతారు, మీరు అటు తిరగ్గానే ఆపేస్తారు. మీరూ ఒక పుస్తకం తీసుకుని కూర్చోండి.

నిశ్శబ్దం ఆశించకండి. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లకి తన గొంతు తనకి వినిపించాలి. తరగతంతా సన్నగా గుయ్యిమంటుంటే బాగా జరుగుతున్నట్టే. రేకుల షెడ్డు మీద వాన పడి పాఠం చెప్పడానికి వీల్లేని రోజున ఈ చదువే గట్టెక్కిస్తుంది.

ఒకరికొకరు

చాలామంది ఈ భాగాన్ని అలంకారం అనుకుంటారు. తరగతిలో ఒకరంటే ఒకరికి బెరుకు ఉంటే తప్పు చదువుతానన్న భయంతో పిల్ల నోరే తెరవదు. ఆ భయం ఎక్కువగా తోటి పిల్లల నవ్వు గురించే, టీచరు గురించి కాదు.

ఉదయం ప్రార్థన అయ్యాక పది నిమిషాలు గుండ్రంగా కూర్చోండి, మీరూ నేల మీదే. ఒక్కొక్కరు పక్కవారిని పేరుపెట్టి పలకరించాలి. బండోడు, నల్లోడు లాంటి మారుపేర్లకు ఇక్కడ చోటులేదని మొదటిరోజే చెప్పండి. తర్వాత ఒక ప్రశ్న, ఇద్దరు ముగ్గురి జవాబులు, అంతే. ‘నిన్న ఏ పుస్తకం నవ్వించింది?’ లాంటివి బాగుంటాయి. ఇరవై మందీ మాట్లాడాలని పట్టుబడితే పదో పిల్ల దగ్గరే అందరూ విసిగిపోతారు.

జంటగా చదవడం మూడో వారం తర్వాతే. మోకాలికి మోకాలు ఆనించి కూర్చోవాలి, ఇద్దరి మధ్య ఒకటే పుస్తకం. ఒకరు ఒక పేజీ, మరొకరు తర్వాతి పేజీ. చదివే పిల్ల ఆగితే పక్కవాళ్లు వెంటనే అందించకూడదు, మనసులో మూడు లెక్కపెట్టి ‘చెప్పనా, ఆగనా?’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అలవాటు కావడానికి వారం పడుతుంది. అలవాటయ్యాక మీ పని సగం తగ్గుతుంది.

జంటలు పిల్లల్నే ఎంచుకోమంటే ఊళ్లో పేటల గీతలు తరగతిలోకి వచ్చేస్తాయి. ఎవరి వీధివాళ్లు వాళ్లతోనే కూర్చుంటారు. ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసి డబ్బాలో వేసి సోమవారం సోమవారం తీయండి, వారమంతా అదే జంట. చేపల చెరువుల మీద పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు మధ్యలో చేరుతుంటారు. వాళ్ల పేరుతో పుల్ల మొదటిరోజే డబ్బాలో పడాలి.

పనులు పంచండి. ట్రేలు సర్దేవారు ఇద్దరు, చాపలు ఇద్దరు, గంట ఒకరు, పుస్తకాల డాక్టర్లు ఇద్దరు. డాక్టర్ల దగ్గర పాత డబ్బాలో టేపు, కత్తెర, దారం. చిరిగిన పుస్తకం దాచేయకుండా వాళ్లకు ఇవ్వడం గొప్ప అన్న భావన కలిగితే చింపడం దానంతట అదే తగ్గుతుంది. పనులు పదిహేను రోజులకోసారి మార్చండి.

ఇక తరగతి రాసిన పుస్తకం. జూన్ చివర్లో మొదటిది చేయండి: ‘మా తరగతిలో ఎవరెవరు’. తలకో పేజీ. పైన బొమ్మ పిల్లదే, కింద వాక్యం పిల్ల చెప్పిందే, రాసేది మీరు. చెప్పిన మాట చెప్పినట్టే రాయండి. ‘నాకు బొమ్మిడాయిల పులుసు ఇట్టం’ అంటే అదే రాసి, చదివి వినిపించి, ‘పుస్తకాల్లో ఇష్టం అని రాస్తారు, ఏది ఉంచుదాం?’ అని అడగండి. ఏది ఎంచుకున్నా మర్నాడు ఆ పేజీ ఆ పిల్ల తప్పకుండా చదువుతుంది, తన మాట కాబట్టి. నెల తిరిగేసరికి మిగతా పందొమ్మిది పేజీలూ చదువుతుంది. సూర్యలో ర్య, లక్ష్మిలో క్ష్మి, ప్రసాద్‌లో ప్ర: సంయుక్తాక్షరాల పాఠం రాకముందే స్నేహితుల పేర్లలోంచి వచ్చేస్తాయి. తర్వాత నెలకొకటి: మా ఊరి చేపలు, మాకు భయం వేసేవి, వరద వచ్చినప్పుడు, ప్రభల తీర్థం. ఏడాది చివరికి పది పుస్తకాలు. కొన్న పుస్తకాలకంటే ఇవే ముందు నలుగుతాయి.

పక్కన కూర్చుని మాట్లాడటం

ఏడెనిమిది నిమిషాలు తరగతి స్థిరంగా నిలిచాక మీ పుస్తకం మూసి పిల్లల దగ్గరికి వెళ్లండి. రోజుకు ఇద్దరు, ఒక్కొక్కరితో మూడు నాలుగు నిమిషాలు. పది పనిదినాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. పిల్లను మీ బల్ల దగ్గరికి పిలవకండి, మీరే వెళ్లి పక్కన కూర్చోండి.

‘ఏం చదువుతున్నావు, ఏం జరిగింది ఇందులో?’ అని అడిగి, ఒక పేజీ చదవమనండి. పిల్ల ‘వస్తున్నాడు’ని ‘వత్తన్నాడు’ అని చదివితే సరిదిద్దవద్దు. అక్షరాలు చూసింది, అర్థం పట్టింది, తన ఇంటి పలుకులో చెప్పింది. ‘మామ’ని ‘మాయ’ అని చదివితే అప్పుడు ఆపండి, అక్కడ మ, య తేడా తెలియలేదు. ప, వ, ష, ఘలూ ఇలాగే తికమక పెడతాయి. ఒక్క విషయమే చెప్పి లేవండి. నోటుపుస్తకంలో తలకో పేజీ పెట్టి తేదీ, పుస్తకం, కనిపించిన ఇబ్బంది, చెప్పిన విషయం ఒక్క లైనులో రాసుకోండి.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలని ఉంది. ఆ కొలత ఎప్పుడైనా తీసుకోండి, ఈ పదిహేను నిమిషాల్లో మాత్రం కాదు. గడియారం చూస్తున్నారని తెలిసిన పిల్ల అర్థం వదిలేసి పరిగెడుతుంది.

ఇవి తప్పక ఎదురవుతాయి

నిమిషానికో పుస్తకం మార్చే పిల్ల: సాధారణంగా తీసుకున్నవి తనకు మించినవి. మీరూ తనూ కలిసి ఉదయమే నాలుగు పుస్తకాలు ఎంచి తన పేరున్న సంచిలో పెట్టండి.

గంట కొట్టగానే బాత్రూం అడిగేవాళ్లు: రెండు రోజులు వరుసగా అడిగితే చదువు కష్టంగా ఉందని అర్థం. పంపండి, తర్వాత పక్కన కూర్చోండి.

రెండు నిమిషాల్లో ‘అయిపోయింది’ అనేవాడు: బాగా చదివేవాడే. వాడికి పెద్ద కథ ఒకటి ఇచ్చి, ఎక్కడ ఆపాడో గుర్తు పెట్టుకోవడానికి తాటాకు ముక్క ఇవ్వండి.

ఒకే పుస్తకానికి ఇద్దరు: ట్రేలో చిన్న పలక పెట్టి పేర్లు వరుసగా రాయించండి.

తెలుగా, ఇంగ్లీషా: పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషుగా ఉండటంతో ఇంగ్లీషు పుస్తకాలే పెట్టమని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ట్రేలో రెండూ ఉండనివ్వండి, ఎంపిక పిల్లది. అయితే ఒకటో తరగతిలో నాలుగింట మూడువంతులు తెలుగే ఉండాలి. అర్థం కాని భాషలో తనంత తాను చదివే అలవాటు పుట్టదు.

సెలవులు: దసరా, సంక్రాంతి, తుపాను సెలవుల తర్వాత నిమిషాలు సగానికి తగ్గించి మళ్లీ ఎక్కండి. ఆపినచోటే మొదలుపెడితే రెండో రోజే గోల.

ఇంటికి

దసరా తర్వాత శుక్రవారం ఒక పుస్తకం ఇంటికి, సోమవారం వెనక్కి. 25 కిలోల బియ్యం బస్తా అడ్డంగా కోసి కుట్టిస్తే రెండు సంచులొస్తాయి, వానకు తొందరగా తడవవు. గోదావరి మధ్య లంక ఊళ్ల నుంచి పడవ దాటి వచ్చే పిల్లలకు లోపల ఇంకో ప్లాస్టిక్ కవరు కూడా ఇవ్వండి.

తల్లి గల్ఫ్‌లో ఉండి మామ్మ దగ్గర పెరిగే పిల్లలు కోనసీమ బడుల్లో తక్కువేం కాదు. మామ్మకి చదువు రాకపోవచ్చు. ‘మీరు చదివించక్కర్లేదండి, బొమ్మ చూపించి ఇదేంటని అడగండి, అది చెప్పింది వినండి చాలు’ అని సమావేశంలో విడమరిచి చెప్పండి. పోయిన పుస్తకానికి జరిమానా వేయవద్దు. వేశారా, రెండో శుక్రవారం నుంచి ఆ ఇల్లు పుస్తకమే వద్దంటుంది. ఏడాదికి పది పుస్తకాలు పోతాయని ముందే లెక్క వేసుకోండి.

చెమ్మ, చెదలు, వరద

బీరువా గోడకు నాలుగంగుళాల దూరంలో, కాళ్ల కింద ఇటుకలతో ఉండాలి. ట్రంకుపెట్టెలో పెట్టి నెలలు మూసేస్తే బూజు ఖాయం. పదిహేను రోజులకోసారి తెరిచి ఫ్యాను కింద పరవండి. బూజు పట్టినవి పొడిగుడ్డతో ఆరుబయట తుడిచి అరగంట ఉదయపుటెండలో పెట్టండి, మిట్టమధ్యాహ్నపు ఎండకు జిగురు ఊడుతుంది. వేపాకు వేస్తే పూర్తిగా ఎండినదే వేయాలి, పచ్చిది వేస్తే చెమ్మ మీరే తెచ్చినట్టు. కలరా ఉండలు పిల్లలుండే గదిలో వద్దు, నోట్లో పెట్టుకుంటే విషం.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. లంక బడుల్లో మొదటి హెచ్చరిక రాగానే పుస్తకాలు మూతగల ప్లాస్టిక్ టబ్బుల్లోకి ఎక్కించి ఎత్తులో పెట్టండి. రెండోదాకా ఆగితే మీరే బడికి చేరలేకపోవచ్చు. బడిని పునరావాస కేంద్రం చేస్తే ఒక ట్రే మాత్రం బయటే ఉంచండి. అక్కడ పిల్లలకు చేసే పనేమీ ఉండదు.

ఏప్రిల్‌లో

ఆఖరి వారంలో పుస్తకాలు లెక్కపెట్టి, కుట్లు చూసి, తరగతి రాసిన పది పుస్తకాలను విడిగా ఒక కట్ట కట్టండి. జూన్‌లో కొత్తగా వచ్చే ఒకటో తరగతి ట్రేలో మొదట పెట్టాల్సినవి అవే, వాళ్ల అక్కలు, అన్నయ్యలు అందులో ఉంటారు. మీ నోటుపుస్తకం పైతరగతి టీచరుకు ఇవ్వండి, పిల్లలు ఏప్రిల్‌లో ఎన్ని నిమిషాలు నిలిచారో చివరి పేజీలో రాసి. ఆయన జూన్‌లో అందులో మూడోవంతుతో మొదలుపెట్టాలి.